గెజో డబ్బా

మా అక్క కొడుకు మొన్న ఇరాక్‌లోని ఎర్బిల్ నుంచి సెలవు మీద వచ్చాడు. అందరికీ తెచ్చినట్టే నాకూ ఒక సెంటు సీసా, ఒక టార్చిలైటు తెచ్చాడు. ఆఖర్న సూట్‌కేసు అడుగు నుంచి ఒక అట్టడబ్బా తీసి, "మామా, ఇది నీకే. సులైమానీల ఉన్నప్పుడు మస్తు తింటుంటివట గదా" అన్నాడు.

మూత తీశాను. పిండి వాసన, దాని వెనకే ఇలాచి. తెల్లటి పిండిలో సగం మునిగిపోయి ఉండలు. గెజో!

తెలియనివాళ్ళకు చెప్పాలి. ఇరాక్‌లోని కుర్దిస్తాన్‌లో, పెంజ్విన్ వైపు కొండల్లో ఓక్ చెట్ల ఆకుల మీద ఎండాకాలంలో తియ్యటి జిగురులాంటిది పేరుకుంటుంది. దాన్ని దులిపి, కాచి, వడగట్టి, పిస్తానో అక్రోటో వేసి ఉండలు చేస్తారు. ఒకదానికొకటి అంటుకోకుండా పిండిలో దొర్లించి పెడతారు. అరబ్బులు దీన్ని 'మన్ అల్ సమా' అంటారు, ఆకాశం నుంచి రాలింది అని. తింటే మూతికీ చొక్కాకీ పిండి అంటాల్సిందే.

వేళ్ళకు ఆ పిండి అంటగానే నాకు సులైమానీలో 'మామ్' అని పిలిచే ముసలాయన చాయ్ కొట్టు కళ్ళ ముందుకొచ్చింది. గోడ మీద కరెంటు వైర్లు, ఆ వైర్ల కింద మేకుకు వేలాడే తెల్లజుట్టు, గుబురు మీసాల మనిషి ఫోటో. అక్కడ గడిపిన రోజుల గురించి ఎప్పుడో రాయాలనుకున్నాను, వాయిదా పడుతూ వచ్చింది.

*

కుర్దిస్తాన్‌లోని సులైమానీ అనే ఊరికి నేను పోయింది ఒక హోటల్లో పనికి. మొదట గిన్నెలు కడిగాను, తర్వాత వంటింట్లో కూరగాయలు తరిగే పని ఇచ్చారు. మా జగిత్యాల, నిర్మల్, నిజామాబాద్ దిక్కు నుంచి ఎర్బిల్‌కూ సులైమానీకీ చాలామంది వచ్చారు ఆ రోజుల్లో. దుబాయ్, మస్కట్ అందరికీ తెలుసు. ఇరాక్ పోతున్నానంటే మాత్రం మా అమ్మ మూడు రోజులు సరిగా తినలేదు. అక్కడ బాంబులు పడతాయని ఆమె భయం. "అది ఇరాక్ కాదమ్మా, కుర్దిస్తాన్" అని ఏజెంటు చెప్పిన మాటే నేనూ ఆమెకు చెప్పాను. దాని అర్థం నాకే తెలియదు.

దిగిన వారంలోనే ఒక వింత గమనించాను. ఎవరూ నేర్పకుండానే వాళ్ళ మాటలు కొన్ని నాకు తెలుసు! రొట్టె నాన్. పువ్వు గుల్. బజారు బజారే. ఐదు పెంజ్, ఏడు హవ్త్, పది ద. మా ఊళ్ళో సాయిబుల పిల్లలతో ఆడుకుంటూ పెరిగినవాణ్ణి కాబట్టి సగం ఉర్దూ నోట్లో ఉంది. కుర్దీ, ఉర్దూ రెండిట్లోనూ ఫార్సీ కలిసిపోయి ఉందని తర్వాత తెలిసింది. చాయ్ తాగే చిన్న గాజు గ్లాసును పియాలా అంటారని విన్నరోజు నవ్వొచ్చింది. మా నాయన జగిత్యాల బస్టాండులో "ఒక ప్యాలి చాయ్" అని అడిగేవాడు.

అన్నిటికన్నా తమాషా 'మామ్' అనే మాట. వాళ్ళకు మామ్ అంటే తండ్రి తోడబుట్టినవాడు, అంటే మనకు పెదనాన్న, చిన్నాన్న. వయసు మళ్ళిన ఎవరినైనా మామ్ అంటారు. అప్పుడు ఇరాక్ అధ్యక్షుడిగా ఉన్న జలాల్ తలబానీని కూడా అక్కడ చిన్నా పెద్దా అంతా 'మామ్ జలాల్' అనే పిలిచేవారు. నేను చాయ్ కొట్టు ముసలాయన్ని తెలుగులో పిలిచినట్టే "మామా" అన్నాను. ఆయన కుర్దీలో పలికాడు. ఇద్దరికీ లెక్క సరిపోయింది.

ఆ కొట్టు పాత బజారులో ఉండేది. 'షాబ్ చాయ్‌ఖానా' అని రచయితలు, కళాకారులు కూర్చునే పెద్ద చాయ్‌ఖానా ఒకటి ఆ ఊళ్ళో ఉంది. గోడల నిండా కవుల ఫోటోలు, డామినో బిళ్ళల చప్పుడు, పొగ. మామ్‌ది ఆ స్థాయి కాదు. నాలుగు బెంచీలు, ఒక సమోవర్. కరెంటు పోతే వీధి చివరి జనరేటర్ దడదడమనేది. ఆ చప్పుడులోనూ పియాలాలో చెంచా తిరిగే టింగుటింగు విడిగా వినిపించేది. వాళ్ళు చక్కెర ఎంత వేస్తారంటే, అడుగున ఒక వేలెడు కరగకుండానే మిగిలిపోతుంది. తాగి లేచేటప్పుడు "దస్త్ ఖోష్" అనాలి. నీ చేతులు చల్లగుండ అన్నట్టు. హోటల్లో నేను తరిగిన ఉల్లిగడ్డలకు ఎవరూ దస్త్ ఖోష్ అనలేదు గానీ, అది వేరే కథ.

*

ఫోటోలో ఉన్నదెవరని అడిగాను ఒకరోజు.

"షేర్కో బేకస్. మా కుర్దుల కవి."

బేకస్ అనే మాట నాకు తెలుసు. మా ఊరి దర్గా దగ్గర కూర్చునే ముసలమ్మ "బేకస్ హూఁ బేటా" అనేది. దిక్కులేనిదాన్ని అని. ఇంత పెద్ద ఫోటో కట్టించుకున్న మనిషికి ఆ పేరేంటి? అడిగితే మామ్ నవ్వాడు. ఆ పేరు వాళ్ళ నాన్నదట. ఆయన ఫాయక్ బేకస్, 1905లో పుట్టిన కవి, బడిపంతులు. చిన్నప్పుడే అందరినీ పోగొట్టుకుని ఆ కలం పేరు పెట్టుకున్నాడట. బ్రిటిష్‌వాళ్ళనూ వదలకుండా కవితలు రాసినవాడు. ఆయన 1948లో పోయేనాటికి కొడుకు షేర్కోకు ఎనిమిదేళ్ళు. తండ్రి నుంచి పిల్లాడికి ఆస్తిగా దక్కింది ఆ దిక్కులేని పేరు ఒక్కటే. మామ్ ఈ మాట చెప్పి, ఎవరో కొత్తవాళ్ళు వస్తే చాయ్ పోయడానికి లేచిపోయాడు. నేను తిరిగి హోటల్‌కి నడుస్తూ దారంతా అదే ఆలోచించాను.

నాకు ఆ ఊళ్ళో అలవాటు పడడానికి చాలా రోజులు పట్టిన విషయం ఒకటుంది. వీధుల పేర్లు. సాలిం వీధి, మౌలవి వీధి, పీరామెర్ద్ వీధి. టాక్సీవాళ్ళతో రోజూ పలికే పేర్లే. సాలిం అంటే కవి, మౌలవి అంటే కవి, పీరామెర్ద్ కూడా కవేనని మామ్ చెప్పేదాకా నాకు తెలియదు. 1784లో బాబాన్ రాజులు కట్టించిన ఊరు, కవులను ఇట్లా తలుచుకుంటుంది. ఇప్పుడు ఆ ఊరికి యునెస్కో సాహిత్య నగరం అనే గుర్తింపు కూడా ఉంది, 2019లో వచ్చింది. అప్పటికి నేను ఇంటికొచ్చేశాను. ఫోన్లో వార్త చూసి, పక్కన ఎవరూ లేకపోతే మా బర్రెకు చెప్పాను.

*

అక్షరాలు నేర్చుకోవాలన్న బుద్ధి ఎందుకు పుట్టిందో చెప్పడం కష్టం. బహుశా శుక్రవారం సెలవు, చేతిలో డబ్బు లేకపోవడం, రెండూ కలిసి. మామ్ సిగరెట్ పెట్టె చించి దాని లోపలి తెల్లవైపు రాసేవాడు. కుర్దీని అరబ్బీ లిపిలోనే రాస్తారు గానీ అచ్చులు దాదాపు అన్నీ కనిపించేట్టు రాస్తారు. అందుకే తొందరగా పట్టుబడింది.

నాకు పాఠం షేర్కో చిన్న కవితలే. ఆయన 1975 ప్రాంతంలో 'పోస్టర్ కవిత' అని ఒక పద్ధతి తెచ్చాడట, గోడ మీద అతికిస్తే నడిచిపోతూ చదువుకునేంత పొట్టివి. అంతకుముందే, 1970ల మొదట్లో, 'రువాంగా' అనే సాహిత్య ఉద్యమాన్ని ముందుండి నడిపినవాళ్ళలో ఆయనొకడు. పాత ఛందస్సులు, ప్రాసలు పక్కనపెట్టి మాట్లాడే భాషకు దగ్గరగా రాయాలన్నది వాళ్ళ పట్టుదల. ఇవన్నీ పెద్ద విషయాలు, నాకు అప్పుడు పట్టలేదు. సిగరెట్ పెట్టె మీద పట్టేంత కవిత అయితే చాలు, నాకు అది వరం.

మొదట చదివింది ఇప్పటికీ కంఠతా వచ్చు. నా పాటలోంచి పువ్వును తీసేస్తే నాకొక ఋతువు చచ్చిపోతుంది అని మొదలవుతుంది. ప్రేమను తీసేస్తే రెండు పోతాయి, రొట్టెను తీసేస్తే మూడు. ఆజాదీని తీసేస్తే ఏడాదంతా పోతుంది, నేనూ పోతాను. అంతే. గుల్, నాన్, ఆజాదీ. మూడు మాటలూ నాకు ముందే తెలిసినవి! పరాయి దేశంలో మొదటి కవిత చదివితే అందులో ముప్పావు వంతు మా ఊరి మాటలే. ఆ రాత్రి రూములో మావాళ్ళకు చదివి వినిపిస్తే మా ధర్మపురి బావ ఒకడు, "రొట్టె మూడో నంబరా? రొట్టె మొదలుండాలె" అన్నాడు. రెండు నెలలుగా వాడికి జీతం రాలేదు. వాడి మాటా నిజమే.

*

రెండో కవిత గురించి చెప్పే ముందు మా తాత ట్రంకుపెట్టె గురించి చెప్పాలి.

అందులో ఒక పసుపుపచ్చ కాయితం ఉండేది. నిజాం కాలంనాటి భూమి కాయితం. ఉర్దూలో. మా తాతకు ఉర్దూ రాదు, మా నాయనకు రాదు. పట్వారీ చదివి చెప్పిందే రాత. గట్టు ఎక్కడుందో, ఎన్ని గుంటలో, శిస్తు ఎంతో ఆ కాయితానికి తెలుసు గానీ భూమి దున్నేవాడికి తెలియదు. తాత దాన్ని ఏడాదికోసారి ఎండలో ఆరబెట్టేవాడు. తలకిందులుగా పట్టుకుని కాసేపు చూసి మళ్ళీ మడతపెట్టేవాడు. చిన్నప్పుడు మేం నవ్వేవాళ్ళం.

ఇక కవిత. 1988 మార్చి 16న హలబ్జా మీద సద్దాం విమానాలు విషవాయువు వదిలాయి. దాదాపు ఐదు వేల మంది చనిపోయారు. సులైమానీ నుంచి హలబ్జా కారులో గంటంబావు. మామ్ అక్కావాళ్ళది ఆ ఊరే. ఆ సంగతి ఆయన ఒక్కసారే చెప్పాడు, పియాలాలు కడుగుతూ, నావైపు చూడకుండా.

హలబ్జా తర్వాత షేర్కో రాసిన కవిత ఇలా నడుస్తుంది. కవి దేవుడికి పెద్ద ఫిర్యాదు రాస్తాడు. మనుషులకంటే ముందు ఒక చెట్టుకు చదివి వినిపిస్తాడు, చెట్టు ఏడుస్తుంది. పోస్ట్‌మాన్ పిట్ట ఒకటి, ఇది ఎవరు చేరుస్తారు, దేవుడి సింహాసనం దాకా నేనైతే పోలేను అంటుంది. రాత్రి పొద్దుపోయాక నల్లబట్టలు కట్టుకున్న కవితాదేవత వచ్చి, నేను పట్టుకెళ్తాను గానీ ఆయనే చేత్తో తీసుకుంటాడని మాటివ్వలేను అని ఎగిరిపోతుంది. మర్నాడు ఫిర్యాదు తిరిగొస్తుంది. దేవుడి ఆఫీసులో నాలుగో మెట్టు కింది గుమాస్తా ఒకడు అంచున అరబ్బీలో రాసి పంపాడు: మూర్ఖుడా, దీన్ని అరబ్బీలో రాసుకురా, ఇక్కడ ఎవరికీ కుర్దీ రాదు, ఆయన దగ్గరికి తీసుకుపోరు.

మామ్ దీన్ని చదవలేదు, ఆడి చూపించాడు. కాయితం మడిచి పిట్టకు ఇచ్చాడు, గుమాస్తాలా కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చాడు. బెంచీల మీద ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికి నాలుగు నెలలుగా నా ఇకామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి కాయితం, ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరుగుతోంది. ప్రతి కిటికీ దగ్గరా "ఇంకో భాషలో తీసుకురా" అన్న మాటే. నవ్వుతూ నవ్వుతూ తాత ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. అప్పుడు నవ్వు ఆగిపోయింది. మామ్ చూశాడు, ఏమీ అడగలేదు. ఇంకో చాయ్ పోసి, డబ్బులు వద్దని చెయ్యి ఊపాడు.

*

షేర్కో జీవితం నాకు ముక్కలుముక్కలుగా తెలిసింది, ఒక్కో చాయ్‌కి ఒక్కో ముక్క. 1965లో కొండల్లోకి పోయి కుర్దు తిరుగుబాటుదారుల రేడియోలో పనిచేశాడు. 1968లో మొదటి పుస్తకం. 1975లో కుర్దుల పోరాటం కూలిపోయాక ప్రభుత్వం ఆయన్ని పడమటి ఇరాక్‌కు, అరబ్బుల ప్రాంతానికి పంపేసి మూడేళ్ళు అక్కడే ఉంచింది. 1980లలో మళ్ళీ కొండలు, ఆ తర్వాత స్వీడన్‌లో ప్రవాసం. 1987లో స్టాక్‌హోమ్‌లో టుహోల్‌స్కీ బహుమతి అందుకున్నాడు. 'సీతాకోకచిలుకల లోయ' అని అర్థం వచ్చే పేరుతో పెద్ద కావ్యం రాసింది ఆ చలి దేశంలోనే, 1991లో అచ్చయింది.

1992లో కుర్దులకు సొంత ప్రభుత్వం ఏర్పడితే వచ్చి సంస్కృతి మంత్రి అయ్యాడు. ఎక్కువ కాలం ఉండలేదు, రాజీనామా చేశాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు మామ్ ఛాతీ వెడల్పయ్యేది. మంత్రి పదవి వదిలినవాడి ఫోటో తన గోడ మీద పెట్టుకున్నానని ఆయన గర్వం. తర్వాత 1998లో సులైమానీలోనే 'సర్దమ్' అనే ప్రచురణ సంస్థను మొదలుపెట్టాడు. బజారులో పుస్తకాల కొట్ల ముందు నేల మీద పరిచి అమ్మేవాళ్ళ దగ్గర ఆ పేరున్న పుస్తకాలు చాలా చూశాను. కొనలేదు, రేటు చూసి పెట్టేసేవాణ్ణి.

*

2013లో రంజాన్ చివరి రోజులు. ఆగస్టు ఎండ మామూలుగా ఉండదు అక్కడ. పగలు చాయ్ కొట్లు మూసి ఉండేవి. ఇఫ్తార్ అయ్యాక ఊరంతా ఒక్కసారి లేచేది. నేను రాత్రి షిఫ్టు మధ్యలో మామ్ దగ్గరికి వెళ్తే సమోవర్ వెలిగించలేదు. షట్టర్ సగం దించి ఉంది. లోపల ఆయన ఒక్కడే, ఫోటో కింద. స్టాక్‌హోమ్‌లో షేర్కో పోయాడని చెప్పాడు. క్యాన్సర్. 73 ఏళ్ళు.

శవాన్ని సులైమానీకి తెచ్చారు. అంతిమయాత్రకు నేను పోలేకపోయాను. వంటింట్లో కుర్దీ కుర్రాళ్ళు నలుగురూ చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయారు, మిగిలిన నేనూ ఒక నేపాలీ తమ్ముడూ సాయంత్రం దాకా నిలబడే పనిచేశాం. సూపర్‌వైజర్ తిట్టలేదు. తిట్టాల్సినవాళ్ళు ఎదురుగా లేరు, ఉన్న మమ్మల్ని తిట్టే మొహం ఆయనకు లేదు.

షేర్కో వీలునామా గురించి కుర్రాళ్ళు తర్వాతి రోజుల్లో ముచ్చటపడి చెప్పుకున్నారు. ఊళ్ళోని పేరున్న గుట్టలూ శ్మశానాలూ నాకొద్దు, అవి నిండిపోయాయి, నాకు గుంపు పడదు అన్నాడట. ఆజాదీ పార్కులో, 1963 అమరుల స్మారకం పక్కన పెట్టమన్నాడు. పాటలు, ఆటలు, ఆడా మగా తిరిగే చోటు కావాలి, అక్కడైతే ఊపిరాడుతుంది అన్నాడు. పక్కన చిన్న కాఫీకొట్టు ఉండాలి, కవులూ ప్రేమికులూ నా దగ్గరికి చుట్టపుచూపుగా రావాలి అన్నాడు. ఆ పార్కు ఒకప్పుడు ఇరాక్ సైన్యం స్థావరం. 1963లో ఊళ్ళోవాళ్ళను పట్టుకుపోయి చంపి పాతిపెట్టిన నేల. అక్కడే ఇప్పుడు ఉయ్యాలలు, పడవలు, ఐస్‌క్రీం బండ్లు.

మా కాళోజీ పోయినప్పుడు దేహాన్ని వరంగల్‌లో మెడికల్ కాలేజీకి ఇచ్చేశారు, అది మా తెలుగు సారు క్లాసులో చెప్తే విన్నాను. ఒకాయన సమాధే వద్దనుకున్నాడు, ఇంకొకాయన సమాధికి చుట్టాలు రావాలనుకున్నాడు. మామ్‌కు ఈ సంగతి చెప్పాను. "మీ కవికి నా సలాం" అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

ఆ తర్వాత శుక్రవారాలు పార్కుకి పోవడం అలవాటైంది. రూములో ఉంటే ఇంటి అప్పుల లెక్కలే. సమాధి దగ్గర గడ్డి మీద కుటుంబాలు కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ ఉండేవి, ఆ పొట్టు రాలే చప్పుడు. ఒక జంట మాత్రం ఎప్పుడూ అదే బెంచీ మీద. అమ్మాయి గలగలా మాట్లాడేది, అబ్బాయి ఫోన్ చూసేవాడు. ఇందుకేనా పెద్దాయన పార్కు అడిగింది అనుకునేవాణ్ణి. వెనకాల గొయిజా కొండ. చలికాలం దాని మీద మంచు పడితే వాళ్ళు 'బఫ్ర్' అని పిల్లల్లా అరిచేవాళ్ళు. నేను జీవితంలో మంచును ముట్టుకుంది ఆ పార్కులోనే.

*

2014 జూన్‌లో మోసుల్ నగరం ఐసిస్ చేతిలో పడిపోయింది. హోటల్‌కి వచ్చేవాళ్ళు తగ్గారు, జీతాలు ఆగిపోయాయి. మా రూములో ఏడుగురిలో నలుగురు కాయితాలు లేక 'ఖల్లివెల్లి', అంటే అనుమతి లేకుండా దాక్కుని బతికేవాళ్ళు, అయిపోయారు. నేను ఎట్లాగో టికెట్టు సంపాదించుకుని బయటపడ్డాను. దాని గురించి ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు.

వచ్చే ముందురోజు మామ్ దగ్గరికి పోయాను. గోడ మీది ఫోటో ఇవ్వమని అడిగితే ఇస్తాడేమో అన్న ఆశ లోపల ఉంది. అడగలేదు. ఆయన ఒక గెజో డబ్బా ఇచ్చాడు. ముంబైలో దిగేసరికి అందులో సగం ఉండలు ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోయాయి. డబ్బా మూతకు లోపలివైపు ఆయన చేతిరాతలో ఆ నాలుగు ఋతువుల కవిత ఉంది. ఆ మూత చాలా ఏళ్ళు దాచాను. ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతో పాటు పోయింది.

ఇవన్నీ నెమరేసుకుంటూ మొన్న మేనల్లుడు తెచ్చిన డబ్బాను తిప్పి చూస్తున్నాను. మా చిన్నది పక్కన చేరి, "ఏం రాసుంది నాన్నా దాని మీద?" అంది. కళ్ళద్దాలు పెట్టుకుని వేలు కింద పెట్టి కుడి నుంచి ఎడమకు చదవడం మొదలుపెట్టాను. గా. జ దగ్గర తడబడ్డాను. చుక్క ఒకటా రెండా? ఆ పిల్ల ఆగలేదు, డబ్బాలో చెయ్యి పెట్టి ఒక ఉండ నోట్లో వేసుకుంది. మూతినిండా పిండి.

"ఇలాచి ఎక్కువైంది" అంది.